చర్మంలోనూ గడియారం ఉంది: మనం తెలుసుకోవాల్సిన చరిత్ర

మా కృష్ణదేవిపేట అంటే 1922 ఆగస్టు 23న పోలీస్ స్టేషన్ మీద జరిగిన దాడి, అల్లూరి సమాధి గుర్తొస్తాయి. ఈసారి వేరే చరిత్ర రాస్తున్నా.

రోజుల తరబడి నిద్రపోకుండా, ఆగకుండా మాట్లాడుతూ తిరిగే మనిషిని చూస్తే మన ఊళ్ళల్లో గాలి సోకిందంటారు. డాక్టర్లు అది బైపోలార్ అనే జబ్బు కావచ్చంటారు. ఆ జబ్బుకీ నిద్రకీ సంబంధం ఏంటని వెతుకుతూ శాస్త్రవేత్తలు చర్మం దాకా వచ్చారు.

1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే ఆయన అత్తిపత్తి లాంటి మొక్కని చీకట్లో పెట్టాడు. ఎండ లేకపోయినా ఆకులు వేళకి విచ్చుకున్నాయి, వేళకి ముడుచుకున్నాయి. అంటే గడియారం లోపలే ఉంది. 1971లో కొనోప్కా, బెంజర్ ఈగల్లో ఆ గడియారాన్ని నడిపే జన్యువుని గుర్తించారు. దాని పనితీరు తేల్చిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది.

మనుషుల్లో పెద్ద గడియారం మెదడులో ఉంటుంది. బతికున్న మనిషి మెదడుని కోసి చూడలేం కదా! 1998లో జెనీవాలో షిబ్లర్ బృందం, గాజుపాత్రలో పెంచిన ఎలుక కణాలు కూడా రోజువారీ లయలో పనిచేస్తాయని చూపించింది. దాంతో దారి దొరికింది. 2005లో స్టీవెన్ బ్రౌన్ బృందం మనుషుల నుంచి చిన్న చర్మపు ముక్కలు తీసి, ఆ కణాల్లో మిణుగురు పురుగు వెలుగు జన్యువుని పెట్టింది. కణాల వెలుగు రోజుకోసారి పెరిగి తగ్గేది. ఆ చక్రం ఒక్కో మనిషిలో ఒక్కో పొడవు.

2013లో అమెరికాలో మెకార్తీ బృందం బైపోలార్ ఉన్నవాళ్ళ చర్మకణాల్ని పరీక్షించింది. లిథియం ఆ జబ్బుకి 1949 నుంచి తెలిసిన మందు. అది వేస్తే జబ్బు లేనివాళ్ళ కణాల లయ బలపడింది, జబ్బున్నవాళ్ళ కణాల్లో అంతగా బలపడలేదు. దీంతో జబ్బుని నిర్ధారించే టెస్టు ఇంకా రాలేదు. కానీ జబ్బుకి మూలం ఒంట్లో వెతకాలని, మనిషిని నిందించకూడదని అర్థమవుతుంది.

ఇక మన సంగతి. పరిశోధన అంటే ఎవరి ఒంటి నుంచో ముక్క తీయడమే. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ హాస్టల్ ఆడపిల్లలకి పరిశోధన పేరుతో హెచ్‌పీవీ టీకా వేశారు. చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు కమిటీ దాన్ని తప్పుపట్టింది.

అందుకే రెండు మాటలు. ఇంట్లో ఎవరికైనా నిద్ర, మనసు రెండూ గతి తప్పితే గురువు దగ్గరికి వెళ్ళినా సరే, డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళండి. రేపు ఎవరైనా మీ రక్తమో చర్మమో అడిగితే ఎందుకు, ఎన్నాళ్ళు దాస్తారు, వద్దంటే ఆపేస్తారా అని మన భాషలో చెప్పించుకోండి. తర్వాతే సంతకం.