నాగస్వరపుఁ గొయ్య

జహీరాబాదు మొదలగు తెలంగాణపు టూళ్లలో సన్నాయి యనియు, దక్షిణమున నాగస్వర మనియు వ్యవహరింపఁబడు వాద్యములును, పాశ్చాత్యుల ఓబోయును ఒక్క కుదుటివే. అన్నిటను రెండు ఱేకుల పీక నూఁదుదురు. (నాదస్వర మను రూపము నేఁడు వ్యాప్తిలో నున్నను, ముత్తుస్వామిదీక్షితుల శ్రీరాగకృతియందు నాగస్వరశబ్దమే కనఁబడును.) ఓబోను గాని నాగస్వరమును గాని యెన్నుకొనువారు తఱచుగాఁ బలుకు మాట యొక్కటి కలదు: కొయ్య యెంత బరువో నాద మంత గట్టి యని. అది విచారింపఁదగినది.

కుంభకోణము చెంతనున్న నరసింగంపేట శిల్పులు అరవమున ఆచ్చా యనఁబడు చెట్టు చేవను గోరుదురు. తెలుఁగున దానిని నారయేపి యందురు. అనంతపురము మొదలగు మెట్టసీమల యడవులలోఁ బెరుగును. దాని చేవ నీట మునుఁగును. ఆ శిల్పులు క్రొత్తగా నఱికిన మ్రాను నొల్లక, పడఁగొట్టిన పాతయిండ్ల దూలములను, కంబములను వెదకి తెచ్చుకొందురు. పచ్చికొయ్యను దొలిచినచో నది యాఱిన కొలఁది ముడుచుకొని వంగును, పగులును. పైఁగా ఊఁదువాని యూపిరితేమ లోపల నెప్పుడును దగులుచునే యుండును గదా! ఏండ్లకొలఁది యింటిని మోసి యాఱిన దూలమున కా భయము తక్కువ.

శాస్త్రజ్ఞులు హేతువును కారక మనియు జ్ఞాపక మనియు రెండువిధములుగాఁ జెప్పుదురు. పొగ నిప్పును దెలుపును గాని పుట్టింపదు. బరువును నాదమునకట్టిదే; కణము లిఱికి, నునుపుగాఁ దొలువఁబడి, తేమకు లొంగని కొయ్యకు గుఱుతు మాత్రము. ధ్వనించునది లోపలి గాలి. 1971లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుఁడు జాన్ కోల్ట్‌మన్, వెండి, రాగి, కొయ్యలతో లోఁగొలత లొక్కటిగా వేణువులను జేసి చాటున వాయింపించెను. విన్నవారు భేదమును గనిపెట్టఁజాలరైరి. వేణువునకుఁ బీక లేదనుట నిజమే. కాని 17, 18 శతాబ్దుల ఓబోలును గ్రెనడిల్లాకంటెఁ దేలికయగు బాక్స్‌వుడ్డుతోనే తఱచుగాఁ జేయఁబడినవి. ఇంకొక చిక్కు: పచ్చికొయ్యయు నీటిచే బరువగును. కావున గుఱుతుగాఁగూడ బరువు వ్యభిచరించును. త్రాసు నమ్మినవాఁడు నీటికి సొమ్మిచ్చినవాఁడగును.

నాగస్వరచరిత్రయే యిందులకు సాక్షి. పూర్వపుఁ దిమిరి పొట్టిది, హెచ్చుశ్రుతిది. దానిపై శుద్ధమధ్యమము పలికించుట కష్టము. తిరువావడుదురై రాజరత్నంపిళ్ళ (1898-1956) కాలమున నరసింగంపేట రంగనాథనాచారి పొడవైన గొట్టమును గట్టెను. స్వరము నిలిచినది, శ్రుతి దిగినది. ఇది కొయ్య మార్చుటచేఁ గాదు, కొలత మార్చుటచే. మనవారిలోఁ గరవదివారగు షేక్ చినమౌలానాగారు (1924-1999) నాచ్చియార్‌కోవెలలో నా తంజావూరు బాణి నభ్యసించి ప్రసిద్ధులైరి.

కొనువాఁడు తూఁచుటకు ముందు గొట్టమును వెలుఁగున కెత్తి లోపలి నునుపును జూడవలెను. పగు ళ్ళున్నవేమో గోటితోఁ దడవవలెను. వ్రేళ్ళాడు నేడు రంధ్రముల యంచులను, శ్రుతికై మైనముంచు క్రింది రంధ్రములను బరీక్షింపవలెను. బరువు నెఱుఁగుటకు త్రాసుకంటె ఊరేగింపున గంటలకొలఁది వాద్యము నెత్తిపట్టు చేతులే మేలు.

నరసింగంపేట నాగస్వరమునకు 2022లో భౌగోళికసూచిక లభించినది. ఆచ్చాదూలముల యిండ్లు మాత్రము కూలినకొలఁదిఁ దఱుగుచున్నవి. అవి దొరకనినాఁడు, చక్కఁగా నాఱిన వేఱొక చేవకొయ్యను కొలత తప్పక తొలిచినచో నీ శిల్పము నశించుటకుఁ గారణము గానరాదు.