ఆటలమ్మ, సర్పి: రెండు వ్యాధులు, ఒకే వైరస్

పిల్లలకు వచ్చే ఆటలమ్మనూ, పెద్దలకు నడుముకు ఒకపక్క మంటతో పొక్కే సర్పినీ మన ఇళ్లలో వేర్వేరు జబ్బులుగానే ఎంచుతారు. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అలాగే భావించింది. 1767లో విలియం హెబర్డెన్ ఆటలమ్మకూ మశూచికీ గల తేడాను వివరించాడు. సర్పితో దాని సంబంధం అప్పటికి తెలియదు.

ఇంట్లో ఒకరికి సర్పి వచ్చాక పిల్లలకు ఆటలమ్మ సోకడాన్ని 19వ శతాబ్ది చివరలో హంగరీ వైద్యుడు యానోష్ బోకాయ్ గమనించాడు. 1950లలో అమెరికా శాస్త్రవేత్త థామస్ వెల్లర్ రెండు వ్యాధుల పొక్కుల నుంచి వైరస్‌ను వేరుచేసి, అది ఒకటేనని చూపాడు.

మరి సర్పి ఎలా వస్తుంది? ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్ పట్టణ వైద్యుడు హోప్-సింప్సన్ 16 ఏళ్లపాటు తన రోగులలో 192 సర్పి కేసులను నమోదుచేసి, 1965లో ఒక పరికల్పనను ప్రతిపాదించాడు. ఆటలమ్మ తగ్గినా వైరస్ నాడీకణాల్లో నిద్రాణంగా ఉంటుంది. రోగనిరోధకశక్తి సన్నగిల్లినప్పుడు సర్పిగా బయటపడుతుంది. తరువాతి పరిశోధనలు దీన్ని బలపరిచాయి.

కాబట్టి సర్పి ఒకరి నుంచి మరొకరికి సర్పిగా అంటదు. అయితే ఆటలమ్మ రానివారికి ఆ పొక్కుల రసి తగిలితే ఆటలమ్మ రావచ్చు. చరిత్ర విద్యార్థులుగా మీరు ఒక విషయం గుర్తుంచుకోండి: ప్రయోగశాల ఫలితంతోపాటు, ఓపికగా రాసిపెట్టిన రోగుల రిజిస్టరూ విలువైన ఆధారమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వెల్లర్, హోప్-సింప్సన్ చూపిన ఆధారాల మధ్య తేడా ఏమిటి?