పొలం తగాదాలో దొంగతనం కేసు పెడితే రైతు ఏం చేయాలి?

గట్టు తగాదా ఉన్న పొలంలో పంట కోసుకున్నందుకో, బోరు మోటారు విప్పుకున్నందుకో మీపై దొంగతనం కేసు పెట్టవచ్చు. కంగారు పడి ఊరు విడిచి వెళ్లకండి. ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

ఏది దొంగతనం?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దాని 303వ సెక్షన్ ప్రకారం ఇతరుల స్వాధీనంలోని చర వస్తువును వారి అనుమతి లేకుండా దురుద్దేశంతో తీసుకుపోవడం దొంగతనం. మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నేలకు అంటుకుని ఉన్న పంట చర వస్తువు కాదు. కోసి తీసుకుపోతే మాత్రం ఈ సెక్షన్ వర్తిస్తుంది. అక్రమ ప్రవేశానికి 329, ఆస్తి నష్టానికి 324 సెక్షన్లు పెడతారు.

మీకున్న ముఖ్యమైన రక్షణ

ఆ పంట తనదేనని నిజాయితీగా నమ్మి కోసినవారికి దురుద్దేశం ఉన్నట్లు కాదు. చెరువు చేపల విషయంలో వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే చెప్పింది. అయితే నోటిమాట చాలదు, ఆధారం కావాలి. ఇవి సిద్ధం చేసుకోండి:

• పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, 1బి నకళ్లు
• కౌలు రైతులైతే కౌలు ఒప్పందం, ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కు పత్రం, ఈ-పంట నమోదు
• విత్తనాలు, ఎరువుల బిల్లులు, మోటారు కొన్న రశీదు
• దుక్కి, నాట్లు చేసిన కూలీలు, పక్క పొలం రైతుల సాక్ష్యం

పోలీసులు పిలిస్తే

1. ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. అది పొందే హక్కు మీకుంది.
2. నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇస్తే చెప్పిన రోజున తప్పక హాజరు కండి. హాజరవుతూ ఉంటే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయరాదు.
3. తెల్ల కాగితంపై సంతకం చేయవద్దు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంపై సంతకం అక్కరలేదు. వారి ముందు ఒప్పుకున్నది కోర్టులో నేరాంగీకారంగా చెల్లదు.
4. అరెస్టు భయం ఉంటే 482 సెక్షన్ కింద ముందస్తు బెయిలుకు దరఖాస్తు చేయవచ్చు. అరెస్టు చేస్తే ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేకపోతే

జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. టోల్ ఫ్రీ నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది.

ఇవి చేయవద్దు

కేసు నడుస్తుండగా వివాదంలోని పంట కోయవద్దు, సర్వే రాళ్లు కదపవద్దు, ఫిర్యాదుదారును బెదిరించవద్దు. కొత్త కేసులు మీదపడతాయి. హద్దు తేలాలంటే మండల సర్వేయరుతో కొలిపించుకోండి, హక్కు తేలాలంటే సివిల్ కోర్టుకు వెళ్లండి. ఇరువర్గాలూ ఒప్పుకుంటే దొంగతనం కేసును లోక్ అదాలత్‌లో రాజీ చేసుకునే వీలుంది. రాజీ పత్రంలో ఏముందో న్యాయవాదితో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.