లిబర్టీ ఇంజనుకు పాఠనిర్ణయం

1918 ఆగస్టు చివరి రోజుల్లో ఫ్రాన్సు చేరిన ఒక బ్రిటిషు వైమానిక దళం విమానాల మీద మన ఊరి పేరు రాసి ఉండేదంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో సమకూరినందున దానికి 110వ హైదరాబాదు స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. విమానం పక్కభాగాన నిజాం ప్రభువు కానుక అనే వాక్యమూ, హైదరాబాదు అనే పేరూ, ఒక వరుస సంఖ్యా ఉండేవి. విమానం ఇంగ్లండులో పుట్టిన డి.హెచ్.9ఏ. ఇంజను అమెరికాది, పేరు లిబర్టీ. ఆ రకం విమానాలను యుద్ధరంగానికి మొట్టమొదట తీసుకుపోయిన దళం ఇదే.

మదీనాగూడలో మా పై అంతస్తులో ఉండే యువకుడొకరు ఈ విమానాన్ని ముప్పై రెండో వంతు పరిమాణంలో తయారుచేస్తున్నారు. పగలంతా హైటెక్ సిటీలో సాఫ్టువేరు ఉద్యోగం, రాత్రి పదిగంటల తరువాత ఈ వ్యాసంగం. న్యూజీలాండులోని వింగ్‌నట్ వింగ్స్ వారు చేసిన కిట్టు అది. 2020లో ఆ సంస్థ మూతపడింది కనుక ఇప్పుడు అవి చేతులు మారుతూ దొరకవలసిందే. పెట్టెలో ఇచ్చిన ముక్కలు అతికించి ఊరుకుంటే నాబోటివాడి కంటికి చాలును. ఆయనకు చాలదు. ఇంజనుకు ఉన్న ప్రతి తీగా, ప్రతి గొట్టమూ, ప్రతి స్ప్రింగూ ఉండాలట. "మాస్టారూ, ఫొటోలకు కొరత లేదండీ. ఏది ఏ సంవత్సరానిదో చెప్పేవాళ్లే లేరు" అన్నారొకనాడు. ఆ ఒక్క మాటతో నేను ఆయన పనిలో చిక్కుకున్నాను. ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసినవాడికి ఇది పరిచయమైన చిక్కే. ప్రతులు బోలెడు, మూలం ఒక్కటి.

సి.పి. బ్రౌను వేమన పద్యాలకు ప్రతులు పోగుచేయించి, పండితులను కూర్చోబెట్టి పాఠాంతరాలు పోల్చి చూపించుకున్నాడు. ఎక్కువ ప్రతుల్లో ఉన్నంత మాత్రాన ఒక పాఠం సరైనది కాదు, పది ప్రతులూ ఒకే తప్పు ప్రతికి పుట్టిన బిడ్డలు కావచ్చు. అంతర్జాలంలోని ఇంజను ఛాయాచిత్రాల సంగతీ అంతే. ఒకే మ్యూజియం ఇంజనును వందమంది తీసిన వంద ఫొటోలు వంద సాక్ష్యాలు కావు, ఒక్కటే.

అసలు మూలం సంగతి చూద్దాం. 1917 మే నెలాఖరున వాషింగ్టనులోని విల్లర్డ్ హోటలు గదిలో పాకార్డ్ కంపెనీకి చెందిన జెస్సీ విన్సెంటు, హాల్-స్కాట్ కంపెనీకి చెందిన ఎల్బర్ట్ హాలు కూర్చుని కొద్దిరోజుల్లోనే దీని రూపకల్పన ముగించారు. మొదట ఎనిమిది సిలిండర్ల నమూనా, ఆ వేసవిలోనే పన్నెండు సిలిండర్లది తయారయ్యాయి. నాలుగువందల అశ్వశక్తి, సుమారు 27 లీటర్ల పరిమాణం. పాకార్డ్, లింకన్, ఫోర్డ్ మొదలైన కార్ల కంపెనీలు ఇరవై వేలకు పైగా తయారుచేశాయి. సిలిండరు వ్యాసం అయిదు అంగుళాలు, అంటే మనవారి నమూనాలో నాలుగు మిల్లీమీటర్లు. రెండు వరుసల సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. పన్నెండు సిలిండర్ల ఇంజనుకు లెక్కప్రకారం 60 ఉంటే పేలుళ్లు సమాన వ్యవధిలో జరుగుతాయి, కాని ముక్కు సన్నగా ఉండాలని వారు 45 పెట్టారు. ఎవరైనా పంపిన చిత్రపటం నమ్మదగినదో కాదో చూడాలంటే ముందు ఆ కోణం కొలిస్తే చాలు, చాలా పటాలు అక్కడే రాలిపోతాయి.

తీగల సంగతి ఇంకా రసవత్తరం. ఆనాటి విమాన ఇంజన్లలో ఎక్కువవాటికి మాగ్నెటోలుండేవి. లిబర్టీకి మాత్రం కార్లలో వాడే డెల్కో పద్ధతి. రెండు క్యామ్ షాఫ్టుల వెనుక చివరలా ఒక్కొక్క డిస్ట్రిబ్యూటరు. సిలిండరుకు రెండు స్పార్కు ప్లగ్గుల వంతున మొత్తం 24. ప్రతి డిస్ట్రిబ్యూటరూ పన్నెండు సిలిండర్లకూ నిప్పు అందించాలి, కాబట్టి ఒక్కొక్కదాని నుంచి ఆరు తీగలు తనవైపు ఉండిపోతే, ఆరు అవతలి వరుసకు దాటిపోతాయి. కుడివి కుడికే, ఎడమవి ఎడమకే కలిపిన నమూనాలు నాకు ఆయన చూపించారు. చూపుకు ముచ్చటగానే ఉన్నాయి. ఛందస్సు సరిపోయి అర్థం పొసగని పద్యం లాంటివి!

మరి ప్రక్షిప్తాల మాట. ఈ ఇంజను ఆయుర్దాయం గట్టిది. 1919లో అట్లాంటికును మొదటిసారి దాటిన ఎన్.సి.4 విమానానికి ఇవే నాలుగు. 1926లో పెండైన్ ఇసుకతీరాన వేగపు రికార్డు సాధించిన బాబ్స్ అనే కారులోనూ ఇదే. తరువాత ట్యాంకుల్లోకి వెళ్లి, రెండవ ప్రపంచయుద్ధంలో క్రూసేడరు ట్యాంకు దాకా నడిచింది. ఇన్నిచోట్ల తిరిగిన ఇంజనుకు ఇన్ని చేతులు పడ్డాయి. నేడు ప్రదర్శనలో ఉన్నదాన్ని 1918 నాటి సాక్షిగా నిలబెట్టబోయే ముందు దాని జాతకం అడగాలి. విమానాల ఫొటోలదీ ఇదే తీరు. 1920ల్లో వాయవ్య సరిహద్దున తిరిగిన డి.హెచ్.9ఏలకు వేడి తట్టుకోవడానికి అదనపు రేడియేటరు బిగించారు. భారతదేశపు ఫొటో కదా, హైదరాబాదు విమానానికి పనికొస్తుందని దాన్ని చూసి చేస్తే కానుక విమానం కాస్తా కొండదండు విమానమైపోతుంది.

మన దేశంలోనే దగ్గరగా చూడవచ్చునని కొందరు బికనీరు దారి చూపిస్తారు. అక్కడి జునాగఢ్ కోటలో ఉన్నది డి.హెచ్.9. చివర ఏ లేదు. ఆ ఒక్క అక్షరం లోపిస్తే ఇంజనే మారిపోతుంది. డి.హెచ్.9కి వాడినది ఒకే వరుసలో ఆరు సిలిండర్లున్న ప్యూమా. అక్షరలోపం వల్ల అర్థం మారడమంటే వ్యాకరణంలో చెప్పుకునేదే అనుకునేవాణ్ణి.

అయితే అసలు విమానం ఒకటి మిగిలింది. ఎఫ్1010 అనే సంఖ్య గలది, నిజాం కానుకలలోనిదే. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి తిరిగి రాలేదు, అందులోని ఇద్దరూ బందీలయ్యారు. జర్మనులు దాన్ని బెర్లిను మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండవ యుద్ధకాలంలో పోలండు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైరు విమానాన్ని క్రాకో మ్యూజియానికి ఇచ్చి, బదులుగా దీన్ని లండనులోని హెండన్ మ్యూజియం తెచ్చుకుంది. మరమ్మతులో చాలా భాగాలు కొత్తగా చేరాయి. కనుక అదీ సంస్కరించిన ప్రతే. అయినా చిరునామా గల ప్రతి.

దారి ఏమిటంటే, మొదట 1918 ప్రాంతపు ఇంజను కరదీపికలు, వాటిలోని పటాలు. అవి స్కాను రూపంలో దొరుకుతాయి. వాటితో కుదిరిన మేరకే మ్యూజియం ఫొటో. రెండూ పోట్లాడితే కరదీపికదే మాట. అందులోనూ ఒక మెలిక ఉంది, బేరింగులకు నూనె అందించే పద్ధతి తయారీ మొదలయ్యాక మారింది, కాబట్టి పుస్తకం ముద్రణ తేదీ కూడా చూడాలి.

ఇంత ఎందుకని మా ఇంటావిడ అడిగింది. 1918లోనే నిజాముకు బ్రిటిషువారు విశ్వాసపాత్రుడైన మిత్రుడనే బిరుదు ఇచ్చారు. అదే ఏడాది దక్కనులో వానలు తప్పాయి, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చింది. నిజాం రాజ్యపు ఆదాయానికి పట్టుగొమ్మ భూమిశిస్తు. ఎవరి కష్టం ఏ ఇంజనుగా మారి ఎవరి నెత్తిన బాంబులు మోసిందో తలచుకుంటే, ఆ ఇంజనును అంతో ఇంతో ఉన్నదున్నట్టు చేయడం మర్యాద అనిపిస్తుంది నాకు. పై అంతస్తు యువకుడు ఇంత దూరం ఆలోచించడు, ఆయనకు తీగ సరిపోతే చాలు. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న వైరును విప్పి, 0.2 మిల్లీమీటర్ల రాగిపోగులు తీస్తున్నాడు. ఎడమ డిస్ట్రిబ్యూటరు పన్నెండూ పూర్తయ్యాయి. కుడివైపు వెనుకభాగం స్పష్టంగా కనిపించే పాత ఫొటో కోసం ఇద్దరమూ ఇంకా వెతుకుతున్నాం.