సిపాయి ఉత్తరం నుంచి రంగస్థలానికి

పరిచయం

యుద్ధం గురించి పాలకులు, సేనాధిపతులు ఏమనుకున్నారో ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. మామూలు సిపాయి ఏమనుకున్నాడో తెలియాలంటే అతని ఉత్తరాలు చదవాలి. అలాంటి ఉత్తరాలను నాటకంగా మలచి ప్రదర్శిస్తే యువతకు చరిత్ర దగ్గరవుతుంది. అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఆ రెండింటినీ ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఉత్తరం నడిచిన దారి

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు విదేశాల్లో పనిచేశారు. సుమారు 74 వేల మంది మరణించారు. 1914 సెప్టెంబరు చివర మన సైనికులు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగారు. గాయపడినవారిలో కొందరికి ఇంగ్లండులోని బ్రైటన్‌లో, పూర్వం రాజభవనమైన పెవిలియన్‌లో చికిత్స చేశారు.

వీరిలో చాలామందికి చదువు రాదు. ఒకరు చెబితే మరొకరు రాసేవారు. ఊళ్లో చదువొచ్చినవారు ఆ ఉత్తరాన్ని ఇంటివాళ్లకు చదివి వినిపించేవారు. మధ్యలో సైనిక సెన్సారు అధికారులు వాటిని పరిశీలించి, కొన్ని భాగాలను ఇంగ్లీషులోకి అనువదించి నివేదికల్లో చేర్చారు. ఈనాడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మనకు దొరికేవి ప్రధానంగా ఆ అనువాద భాగాలే. అంటే మీరు చదివే మాట సిపాయి నోటి నుంచి నేరుగా వచ్చింది కాదు. రాసినవాడు, సెన్సారు, అనువాదకుడు అనే ముగ్గురి చేతులు దాటి వచ్చింది.

ఎవరో చదువుతున్నారని సిపాయిలకూ తెలుసు. అందుకే కొందరు గూఢంగా రాశారు. భారతీయ సైనికులను నల్లమిరియాలుగా, బ్రిటిష్ సైనికులను ఎర్రమిరపగా పేర్కొన్న ఉత్తరాలున్నాయి. నల్లమిరియాలు తరిగిపోతున్నాయంటే మనవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారని అర్థం.

నాటకంగా మలచడం

ఒకరు చెప్పగా రాసి, మరొకరు చదవగా విన్న ఉత్తరం సహజంగానే నాటకానికి అనువైనది. రంగస్థలంపై ఒకవైపు మంచం మీద సిపాయి, పక్కన రాసేవాడు, మధ్యలో సెన్సారు అధికారి, మరోవైపు వింటున్న తల్లి ఉన్నారనుకోండి. ఒక్క ఉత్తరం నాలుగు పాత్రల మధ్య నడుస్తుంది.

ప్రమాదం ఇక్కడే ఉంది. మన కోపాన్ని, మన దేశభక్తిని సిపాయి నోట పలికించాలనిపిస్తుంది. కొన్ని ఉత్తరాల్లో చక్రవర్తి పట్ల విధేయత కనిపిస్తుంది. మరికొన్నింటిలో తమ్ముణ్ణి సైన్యంలో చేరవద్దన్న హెచ్చరిక ఉంటుంది. మనకు నచ్చనిదాన్ని తీసేస్తే మనం కూడా మరో సెన్సారు అధికారులమే అవుతాం. కాబట్టి ఏ మాటలు ఉత్తరంలోవో, ఏవి మీ ఊహో సూత్రధారుడి ద్వారా ప్రేక్షకులకు చెప్పించండి.

మీ ప్రాంతంలో

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అదే ఏడాది బర్మా నుంచి ఎందరో తెలుగువారు కాలినడకన తిరిగివచ్చారు. మీ ఇంట్లోని పాత ట్రంకుపెట్టెలో ఆనాటి ఉత్తరం దొరకవచ్చు. పెద్దల అనుమతితో దాన్ని చదవండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సైనికుని ఉత్తరాన్ని ఆధారంగా స్వీకరించేముందు ఏ ప్రశ్నలు వేసుకోవాలి?
2. మీకు దొరికిన ఒక ఉత్తరం ఆధారంగా చిన్న సన్నివేశం రాసి, అందులో మీరు ఊహించిన మాటల కింద గీత గీయండి.