చాపకూడన నేమి?

దీపము పెట్టిన పిదప ఆరేండ్ల మనుమరాలిని చెంత కూర్చుండబెట్టుకొని పల్నాటి వీరుల కథను బిగ్గరగా చదివి వినిపించుట మా యింట వాడుక. కొరుకుడుపడని మాట వచ్చినపుడెల్ల ఆ పిల్ల మా చేయి పట్టి యాపును. ఒకనాటి రాత్రి బ్రహ్మనాయని చాపకూటి ప్రస్తావము వచ్చినది.

"చాపకూడంటే చాప తింటారా, తాతయ్యా?"

మేము నవ్వితిమి. కులభేదము పాటింపక యెల్లరు నొక్క చాపమీద కూర్చుండి భుజించుట యని చెప్పితిమి. పిల్ల కొంత తడవు ఆలోచించి, "అందరూ కలిసి తింటే దానికి వేరే పేరెందుకు?" అని యడిగినది. మా నవ్వు అంతటితో ఆగినది.

నిత్యము జరుగు పనికి ఎవ్వరును ప్రత్యేకముగా పేరు పెట్టరు. అన్నము తినుట అన్నము తినుటయే. కలిసి తినుటకు ఒక పేరు కావలసివచ్చిన దనగా, ఆ కాలమున కలిసి తినకుండుటయే లోకాచారమై యుండెనన్న మాట. సహపంక్తి భోజన మని యొక సంస్కృతపదము చెప్పి తప్పించుకొనుట సులభమే. పెద్దలమగు మనము తరచుగా చేయునదియు నదియే. కాని యట్టి యర్థము చెప్పినచో ప్రశ్న అణగునే గాని తీరదు.

ఈ కథ 12వ శతాబ్ది చివరి నాటిది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. కోడిపందెములో ఓడినవారికి ఏడేండ్ల వలస. తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడిలో సోదరుల పోరు. ఇది పల్నాటివారెల్లరు నెరిగినదే. మాలకులమున పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయడు కొడుకుగా పెంచి సేనకు ముందు నిలిపెనని కథ చెప్పుచున్నది. శ్రీనాథుని పేర మనకు దక్కిన ద్విపదకావ్యమును 1911లో అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు అచ్చు వేయించిరి. కాని కథను అంతకుముందు తరతరములుగా నోట నిలిపినవారు వీరవిద్యావంతు లను మాల గాయకులు. బడి గడప తొక్కనీయక యుంచిన కులమువారి కంఠముననే యీ సీమ చరిత్ర నిలిచినదన్న మాట. 1982లో జీన్ రోఘైర్ అను పాశ్చాత్య పండితుడు వారి పాఠమును ఆంగ్లమున ప్రకటించెను. ఆయనయు మా మనుమరాలివలెనే అడుగడుగున నిలిపి అర్థ మడిగియుండునని మా యూహ.

మరునాడు నాగమ్మ కథ వచ్చినది. "నాయకురాలంటే చెడ్డదా?" అని పిల్ల యడిగినది. పుస్తకములో అట్లు లేదు. ఆ మాట పలుకునపుడు మా గొంతు కరకుబారినది, పిల్ల దానినే యర్థముగా గ్రహించినది! నాయకురాలనగా నడిపించునది. ఆ కాలమున నొక స్త్రీ రాజునకు మంత్రిణియై రాజ్యతంత్రము నడుపుట సామాన్యము కాదు. ఆమె యెత్తులు మెచ్చవచ్చును, మెచ్చకపోవచ్చును. కాని పురుషుడు చేసినచో రాజనీతియనియు, స్త్రీ చేసినచో కుట్రయనియు పేర్కొనుట మనకు అలవాటైనది. ఆ పుటను మరల మొదటినుండి, ఈ తూరి గొంతు సరిచేసికొని చదివితిమి.

కారెంపూడిలో కార్తికమాసమున వీరుల తిరునాళ్లలో చాపకూడు నేటికిని జరుగుచున్నదని చెప్పగా పిల్ల సంతోషించినది. పిమ్మట వినుకొండలో 1895లో జన్మించిన జాషువ కవినిగూర్చి చెప్పితిమి. ఇదే సీమలో, బ్రహ్మనాయనికి ఏడువందల యేండ్ల తరువాత పుట్టినవాడు, అంటరానితనము చేత నెంత యవమానము పొందెనో పసిమనస్సునకు తగినంతవరకే చెప్పితిమి.

"మరి ఆ చాప ఎవరు చుట్టేశారు?"

ఈ ప్రశ్నకు ఏ నిఘంటువులోను అర్థము దొరకదు. మా యింటి పెరటిగూటిలో పనిమనిషికై విడిగా నుంచిన గ్లాసును ఆ పిల్ల నిత్యము చూచుచునే యున్నది. దానిగూర్చి మాత్రము ఇంతవరకు అడుగలేదు. తెల్లవారిన పిదప దానిని కడిగించి వంటింటి యలమరలో తక్కినవాటితో కలిపి పెట్టించితిమి. రెండు దినములు ఇంటిలో గొణుగుడు వినవచ్చినది. మూడవనాడు ఆ గ్లాసు ఏదియో మాకే గుర్తు తెలియలేదు.