మా ఓటు, మా మోరీ

ఎన్నికలొస్తే చాలు, మమ్మల్ని ఓటుబ్యాంకు అంటారు. బ్యాంకన్నాక లెక్క చూపించాలి. మాకే పార్టీ లెక్క చూపించింది?

మోరీ అన్న మాట మా ఉర్దూలోనూ ఉంది, తెలంగాణ తెలుగులోనూ ఉంది. మోరీ, చెత్త, వీధి దీపం, పుట్టిన సర్టిఫికెట్టు... మునిసిపాలిటీ పని ఇదే. కానీ హైదరాబాదులో మునిసిపల్ ఓటుకొచ్చేవాళ్లు మీ మోరీ ఎలా ఉందని అడగరు. మీరెవరని అడుగుతారు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1948 పోలీసు చర్యతో నవాబుల జాగీర్లే పోయాయనుకుంటారు. సిపాయిల, గుమాస్తాల, చప్రాసీల నౌకరీలూ పోయాయి. మిగిలింది భయం. ఆ భయంలోంచే మజ్లిస్ మళ్లీ లేచింది. 1960లో మునిసిపల్ ఎన్నికల్లో దిగింది. 1962లో పత్థర్‌గట్టీ నుంచి అసెంబ్లీకి వెళ్లింది. 1986 ఎన్నికల తర్వాత కాంగ్రెసు మద్దతుతో మేయరు పీఠమెక్కింది. ఆ పార్టీ తరఫున మేయర్లయిన ప్రకాశరావు, పోచయ్య ముస్లింలు కారు. మేం మతం చూసే ఓటేస్తామనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. 1990 డిసెంబరులో కత్తులు లేచాయి. మళ్లీ మునిసిపల్ ఎన్నిక జరిగింది 2002లో! పదహారేళ్లు. భయం పెరిగింది, మోరీ పొంగింది, నిలదీయడానికి చేతిలో ఓటు లేదు.

1908లో మూసీ ఊరిని ముంచినప్పుడూ సామాన్యుడికి ఓటు లేదు. అయినా ఆ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. రాజును పొగడటం లేదు, ఓటుండీ మా గతేమిటో చెప్తున్నాం. 2020 అక్టోబరులో చెరువులు తెగి హాఫిజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీ మునిగాయి. నెలన్నరకే, డిసెంబరు 1న, పోలింగు. నాలాల మీద నడవాల్సిన ఎన్నిక అది. ఒకరొచ్చి ఊరి పేరు మారుస్తామన్నారు. ఇంకొకరు పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైకన్నారు.

ముందు రాత్రి మా దస్తర్‌ఖాన్ దగ్గర పెద్ద వాదనే జరిగింది. ఈసారి మోరీ బాగుచేసేవాడికే వేద్దామన్నాం. అమ్మీ ఒక్కటే మాటంది: "పహలే జాన్, బాద్ మే మోరీ." ముందు ప్రాణం, తర్వాతే మోరీ. వరదలో ఇంట్లోకొచ్చిన బురదను వారం రోజులు ఎత్తిపోసిన మనిషి ఆమె. మేం బదులు చెప్పలేకపోయాం. తెల్లారి భయానికే ఓటేసి వచ్చాం.

ఫలితాలు చూడండి. 2016లో 4 సీట్లున్న బీజేపీకి 48 వచ్చాయి. మజ్లిస్‌కు అప్పుడూ 44, ఇప్పుడూ 44. అంత వరద మా వైపు లెక్కను ఒక్క సీటు కూడా మార్చలేదు.

మా నాయకులను మేం అడగాలి: కాపలా సరే, కాలువ ఏది? అడగకపోవడం మా తప్పే. సెక్యులర్ మిత్రులనూ అడుగుతున్నాం: మా ప్రాణానికి భరోసా మీ ఓటులో ఎప్పుడైనా ఉందా? ఉంటే, అమ్మీ కూడా మోరీకే ఓటేస్తుంది.